మొదటి పుస్తకం ఎవరిది?

కొత్త పంట ఇంటికొస్తే ముందు దేవతలకు పెట్టి, ఆ తర్వాతే మనం తింటాం. గింజలన్నీ ఒకటే అయినా మొదటి ముద్ద ఎవరికన్నది మన పెద్దలకు చిన్న విషయం కాదు. ఊళ్లో పుస్తకాలు చదువుకునే బృందం పెట్టుకుందామని కూర్చున్న రోజు మాకూ అలాంటి ప్రశ్నే ఎదురైంది. మొదట ఏ పుస్తకం చదవాలి?

మాది ఉట్నూరు వైపు ఊరు. ఆ రోజు వచ్చినవాళ్లలో గోండులం ఎక్కువ. కొలాములు, ప్రధాన్లు కూడా ఉన్నారు. ఇద్దరు టీచర్లు, డిగ్రీ చదివే పిల్లలు, పదితో ఆపేసినవాళ్లు, బడి ముఖం చూడని అమ్మలు అందరం ఒకే చాప మీద కూర్చున్నాం.

మొదట వచ్చిన పేరు అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల. భీం అంటే కాదనేవాళ్లెవరు? కానీ ఒక తమ్ముడు అన్నాడు: "రాసినవాళ్లు మనవాళ్లు కాదు గదా! మన కథ మొదటిసారి వింటూ కూడా ఇంకొకరి నోటి నుంచే వినాలా?"

ఒక టీచరు హైమన్‌డార్ఫ్ పేరు చెప్పారు. 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మనిషి ఆయన. ఆయన చొరవతోనే మార్లవాయిలో గోండులకు టీచరు శిక్షణ మొదలైంది. ఆ దంపతుల సమాధులూ అక్కడే ఉన్నాయి. ఆ మేలు మరవలేం. కానీ మన సగలు, మన దేవుళ్ల గురించి ఆయన రాసిన పెద్ద పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆ కథలు చెప్పిన తాతల మనవలం మేము. మాలో చాలామందిమి దాన్ని చదవలేం.

"అయితే గోండీలో ఉన్నదే చదువుదాం. గుంజాలలో పాత రాతప్రతులు దొరికాయి, 2018లో మన లిపి యూనికోడ్‌లోకీ ఎక్కింది" అని ఇంకొకరు ఉత్సాహంగా అన్నారు. వెనక కూర్చున్న కొలాం పిల్లవాడు మెల్లగా అడిగాడు: "మరి మా కొలామీ?" ఎవరం మాట్లాడలేకపోయాం. బళ్లో మన భాషకు చోటు లేదని బాధపడే మనమే ఆ రోజు పక్కవాడి భాషను మరిచిపోయాం.

అప్పుడు ఒక అవ్వ గోండీలో అడిగింది: "మీరు ఏది తెచ్చినా నేను చదవలేను. మరి నన్నెందుకు పిలిచారు?"

అంతసేపూ మేము పుస్తకాన్ని రాసిందెవరని వాదించుకున్నాం. దానికి బదులు చెప్పగలిగేది ఎవరని అడగనేలేదు. రాసినవాడి పుట్టుకతోనే కొలిస్తే, సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తిని ఎక్కడ నిలబెడతాం? మనలో పుట్టినవాడు కూడా పట్నం మెప్పు కోసం రాయవచ్చు. మన చేతులతో మనం రాసుకోవడం అవసరమే, అందులో మాకు అనుమానం లేదు. కానీ ఎవరు రాసినా, అందులో ఉన్న మనుషులు "ఇది ఇలా కాదు" అనగలిగినప్పుడే అది వాళ్ల పుస్తకం అవుతుంది. ప్రధాన్ కిక్రి వాయిస్తూ కథ చెప్పేటప్పుడు వినేవాళ్లు ఎదురుగానే ఉంటారు. అచ్చయిన పుస్తకానికి ఎదురుగా ఎవరూ ఉండరు. చదువుకునే బృందం ఆ లోటు తీర్చాలి. లేకపోతే చదివేవాళ్లు ఒక పక్క, చదవలేనివాళ్లు ఇంకో పక్క అయిపోతారు. బడి చాలామందికి చేసిన గాయాన్నే మనమూ చేసినవాళ్లమవుతాం.

చివరకు ‘కొమురం భీం’నే ఎంచుకున్నాం. అది అన్నిటికన్నా గొప్పదని కాదు. దాని గురించి మాట్లాడటానికి మా ఊళ్లో ప్రతివాళ్ల దగ్గరా ఏదో ఒకటి ఉంది. అవ్వ తన అమ్మ నోట విన్నది చెప్తుంది, పిల్లలు సినిమాలో చూసింది చెప్తారు. వారానికి కొన్ని పేజీలు ఒకరు పైకి చదవాలి. గోండీలో, కొలామీలో మాట్లాడుకోవాలి. ఎవరైనా, ఎక్కడైనా ఆపవచ్చు. పెద్దలు చెప్పింది పుస్తకంతో కలవకపోతే రెండూ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. అచ్చయిందని పుస్తకమే నిజం కాదు, పెద్దలన్నారని జ్ఞాపకమే నిజమూ కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం నేర్చుకోవాలి.

మన టీచర్లకు ఒక మాట. పాఠం చదివాక "అర్థమైందా?" అని అడుగుతాం. పిల్లలు తలూపుతారు. ఒక్కసారి "దీన్ని మీ ఇంట్లో ఎలా చెప్తారు?" అని అడిగి చూడండి. తలూపితే సరిపోని ప్రశ్న అది.

రెండో పుస్తకం ఎంచుకునే వంతు అవ్వకిచ్చాం. నాలుగైదు పుస్తకాల్లోంచి తలా ఒక పేజీ ఆమెకు చదివి వినిపించాలి. ఏది కావాలో ఆమే చెప్తుంది.