వెలుతురును చూసే కన్ను

ఫోటోకు మూలం వెలుతురు. కెమెరా దాన్ని పట్టే సాధనం. సాధనం చిన్నదైనా, వెలుతురును గమనించే కన్ను సాధనతో పెరుగుతుంది.

కడప జిల్లా గండికోటలో పెన్నా నది ఎర్రమల కొండలను కోసుకుంటూ పారుతుంది. నడినెత్తి ఎండలో ఆ లోయ చదునుగా, వెలవెలబోతూ కనిపిస్తుంది. పొద్దున ఏటవాలు ఎండ పడితే రాతిపొరలకు నీడలు వస్తాయి. లోతు తెలుస్తుంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాళ్ళదీ అదే తీరు.

ఈ తేడా మామూలు ఫోన్ కెమెరాకూ అందుతుంది. మసక వెలుగులో దాని శక్తి తక్కువ. అప్పుడు రాతికి ఆనించి తీస్తే బొమ్మ చెదరదు. జూమ్ చేస్తే వివరం చెడుతుంది. దగ్గరికి నడిస్తే నిలుస్తుంది.

రాయలసీమ రైతు ఉన్న నీటిని బట్టి పంట వేస్తాడు. ఫోటో తీసేవారూ ఉన్న కెమెరాను బట్టి బొమ్మను ఎంచుకోవాలి. ఒకే చోటును వేర్వేరు వేళల్లో తీసి, పోల్చి చూడాలి. కొత్త కెమెరా కన్నా ముందు, వెలుతురును చూసే కన్ను కావాలి.