గాయపడిన తొండ – గృహస్థుని ధర్మం

శ్రీమన్నారాయణుడు సర్వభూతాంతర్యామి. బ్రహ్మ మొదలు చీమ వరకు ఏ శరీరంలో ఉన్నను జీవాత్మ జ్ఞానస్వరూపమే అనియు, శరీరాల భేదం కర్మకృతమే అనియు మన ఆచార్యులు బోధించినారు. ఈ మాటలు వినని వైష్ణవ గృహం లేదు. అయితే విన్నమాట ఆచరణలో పరీక్షకు వచ్చే ఘడియలు చెప్పి రావు. ఒక్కొక్కప్పుడు అవి జానెడు పొడవైన తొండ రూపంలో కూడ ఇంటికి వస్తాయి.

ఆస్ట్రేలియా ఖండపు నడిభాగంలోని ఎండు నేలలలో ఒక జాతి తొండ ఉన్నది. భయం గాని కోపం గాని కలిగినపుడు అది గొంతు కింది ముళ్ళ చర్మాన్ని ఉబ్బించి నల్లగా చేసుకొంటుంది. అది గడ్డం వలె కనబడుతుంది గనుక దానికి ఆంగ్లంలో ‘బియర్డెడ్ డ్రాగన్’ అని పేరు వచ్చినది. మన తోటలలో తల ఆడించే తొండకు అది జ్ఞాతియే. ఆస్ట్రేలియా తన అడవి తొండలను వ్యాపారం కొరకు దేశం దాటించడాన్ని నిషేధించినది. అయినను ఏనాడో పరదేశాలకు చేరిన వాటి సంతతి తరతరాలుగా పెట్టెలలోనే పుట్టి పెరిగి, అమెరికాలోను, ఐరోపాలోను పెంపుడు జంతువుగా విరివిగా అమ్ముడగుచున్నది. అక్కడ స్థిరపడిన మనవారి ఇండ్లకు కూడ పిల్లల ముచ్చట తీర్చడానికి అది రావడంలో వింత లేదు.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకొందాము. ఒక గదిలో శ్రీనివాసుని పటం, దీపం. ప్రక్క గదిలో గాజుపెట్టె, అందులో కొద్ది నెలల ప్రాయపు తొండపిల్ల. ఒకనాటి ఉదయం అది ముందుకాలు ఈడ్చుకొంటూ నడిచినది. పిల్లవాడు కంటతడి పెట్టినాడు. వైద్యునికి ఇవ్వవలసినది దానిని కొన్న వెలకు ఎన్నో రెట్లని తండ్రి లెక్కవేసి, “పోనీలేరా, కొత్తది కొనిపెడతాను” అన్నాడు. దేశం నుండి వచ్చిన నాయనమ్మ, “పురుగులు తినే జీవాన్ని మనింటికి ఎందుకు తెచ్చినారు నాయనా? తీసుకొనిపోయి ఏ చెట్టు కిందనో విడిచిపెట్టండి” అన్నది. ముగ్గురిలోను దుర్మార్గులు లేరు. కాని ముగ్గురి ముందును ఒక్కొక్క ధర్మసందేహం నిలిచియున్నది.

ముందు నాయనమ్మ మాటను విచారించుదాము. పంజరం కంటె స్వేచ్ఛ మేలనుట సత్యమే. చిలుకను పట్టి తెచ్చినవాడు దానిని విడిచిపెట్టిన పుణ్యమే. కాని ఈ తొండ పుట్టినది పెట్టెలో. దాని పూర్వులు ఎరిగిన ఎడారి సముద్రాలకు ఆవల ఉన్నది. చలిదేశపు తోటలో దానికి ఒంటికి కావలసిన వేడిమి లేదు. కాలు విరిగినది గనుక వేటాడలేదు, పారిపోలేదు. దానిని విడిచిపెట్టుట విడుదల చేయుట కాదు, కంటికి దూరంగా చంపుట.

శరణాగతి శాస్త్రంలో ‘అనన్యగతిత్వం’ అనే మాట ఉన్నది. నీవు తప్ప వేరు దిక్కు లేదనే స్థితి అది. భగవంతుని ఎదుట మనం ఆ స్థితిని భావన చేత తెచ్చుకోవలసియున్నది. గాజుపెట్టెలోని ప్రాణికి భావన అవసరం లేదు. దాని ఎండ మన దీపం, దాని వాన మనం చిలికించే నీరు, దాని వేట మనం వేసే పిడికెడు ఆహారం. దాని దిక్కులన్నీ మూసి, మిగిలిన ఒక్క దిక్కుగా మనం నిలిచినాము. కనుక దానికి చేసే ఉపచారాన్ని దయ అని పిలుచుకొనుటకు మనకు అధికారం లేదు. వీధిలో పోయే ప్రాణికి చేసినది దయ. మనం అనన్యగతిని చేసిన ప్రాణికి చేసేది ఋణవిమోచనం మాత్రమే.

ఇది గ్రహించిన పిదప తండ్రి లెక్క తనంతట తానే తేలిపోవును. సొట్టపడిన చెంబును మార్చి కొత్తది తెచ్చుకొనవచ్చును, ఎందుకనగా చెంబుకు తన చెంబుతనం మీద అభిమానం లేదు. తొండకు నొప్పి ఉన్నది, బ్రతుకవలెననే ఆశ ఉన్నది. అంగడివాడు నిర్ణయించినది శరీరానికి వెల, లోనున్న జీవునికి కాదు. పది సంవత్సరాలు జీవించగల ప్రాణిని ఇంటికి తెచ్చినవాడు ఆ పదేండ్ల బాధ్యతను కూడ ఆనాడే తెచ్చుకొన్నాడు. వైద్యుని రుసుము కొత్త ఖర్చు కాదు, ఆనాటి బాకీ.

ఇక రక్షణ ఎట్లు చేయవలెను? భాగవతం పదవ స్కంధంలో నృగమహారాజు కథ మనకు దారి చూపుచున్నది. యాదవ బాలురు వనంలో ఆడి దాహం గొని నీటికై వెదకుచు, నీరు లేని నూతిలో కొండవంటి ఊసరవెల్లిని చూచినారు. జాలిపడి తాళ్ళు కట్టి లాగినారు. అది పైకి రాలేదు. వెంటనే పోయి శ్రీకృష్ణునికి చెప్పినారు. స్వామి వచ్చి ఎడమచేతితో అవలీలగా దానిని పైకి తీసినాడు. ఆ స్పర్శతో అది నృగుడై నిలిచినది. ఈ కథలో రాజు విముక్తిని అందరు చెప్పుకొందురు. బాలుర పని మీద దృష్టి నిలిపేవారు తక్కువ. వారు ఊసరవెల్లిని చూచి రాయి విసరలేదు. జాలిపడినారు, చేతనైనది చేసినారు, చేతకాదని తెలిసిన క్షణంలో సమర్థుని వద్దకు పరుగెత్తినారు. జాలికి ఇంతకంటె మంచి క్రమం లేదు.

విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు ఎంత ప్రసిద్ధమో తిరుపతి యాత్రికులకు తెలియనిది కాదు. కట్టు కట్టుట చేయి తిరిగినవాని పని. తొండపిల్ల కాలు అగ్గిపుల్లంత సన్నన. ఇంటిలో పుల్ల పెట్టి దారం చుట్టిన రక్తప్రసరణం ఆగి, మిగిలిన కాలు కూడ పోవచ్చును. మనుష్యులకిచ్చే నొప్పిమాత్రలు దానికి విషం కావచ్చును. సరీసృపాల వైద్యం ఎరిగిన పశువైద్యునికి చూపి, ఎక్స్‌రే తీయించి, అతడు చెప్పినట్లు నడచుటయే మార్గం. నయమగుటకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. అంతవరకు పెట్టెలోని కొమ్మలు, ఎత్తైన రాళ్ళు తీసివేయవలెను. ఇసుకకు బదులు శుభ్రమైన కాగితం పరచవలెను. ఆహారం, నీరు దాని ముందరకే చేర్చవలెను. ఎండకాగే చోట వేడిమి సుమారు 40 డిగ్రీల సెల్సియస్ ఉండి, రెండవ ప్రక్క చల్లగా ఉండవలెను. ఒంటి వేడిమిని తానే పుట్టించుకోలేని ఆ ప్రాణికి ఆ వెచ్చదనం లేనిదే తిన్నది అరగదు, గాయం మానదు. మన గోడబల్లికి తోక తెగిన మరల మొలచును. ఈ తొండకు తోక గాని, కాలు గాని మొలవదు. ఒక్కొక్కప్పుడు కాలు తీసివేయవలసి వచ్చును. మూడు కాళ్ళతో చక్కగా జీవించే తొండలు ఉన్నవి గనుక, అంతమాత్రాన నిరాశ చెందనక్కరలేదు.

నృగుని పతనంలోను ఒక పాఠం ఉన్నది. ఒకరికి దానమిచ్చిన గోవు తప్పి వచ్చి మందలో కలిసిన సంగతి గమనింపక ఆయన దానిని మరియొకరికి దానం చేసినాడు. ద్రోహబుద్ధి లేదు, ఏమరుపాటు మాత్రమే. ఫలం మాత్రం తప్పలేదు. పెంపుడు తొండల కాళ్ళు విరుగుటకును కారణం తరచుగా క్రౌర్యం కాదు, ఏమరుపాటే. రెండు మూడు పిల్లలను ఒకే పెట్టెలో ఉంచిన ఒకదాని వ్రేళ్ళు మరియొకటి కొరుకును. చేతి నుండి జారినను కాలు విరుగును. అంతకంటె మరుగున ఉండే కారణం ఎండలేమి. సూర్యుని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలినగాని దాని శరీరంలో విటమిన్ డి తయారు కాదు. అది లేనిదే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు ఎముకలు మెత్తబడి, కాళ్ళు వాచి వణకి, చిన్న గెంతుకే విరుగును. కిటికీ ప్రక్కన పెట్టినాము కదా అని గృహస్థుడు తృప్తిపడును. కాని కిటికీ అద్దం వెలుగును రానిచ్చి ఆ కిరణాలను ఆపివేయును. ప్రత్యేకమైన దీపం పెట్టినను కొన్ని మాసాలకు దాని సత్తువ తరిగిపోవును. వెలుగు మాత్రం యథాప్రకారం కనబడుచుండును. చూచుటకు దీపమే, లోన సారం లేదు. కాలం గుర్తుంచుకొని దానిని మార్చుటయే కైంకర్యం. శ్రద్ధ లేని అనుష్ఠానం సంగతి ఇక్కడ వేరుగా చెప్పవలసిన పని లేదు.

అన్నిటికంటె కఠినమైనది ఆహార ప్రశ్న. ఈ తొండ పెద్దదైన పిదప ఎక్కువగా ఆకులలములు తినును. పెరిగే వయస్సులో దానికి కీచురాళ్ళ వంటి పురుగులే ముఖ్యాహారం. శాకాహార వ్రతం గల ఇల్లాలు ఏమి చేయవలెను? పెరుగన్నమో, చక్కెరపొంగలి ప్రసాదమో పెట్టుదమని ప్రేమతో తోచవచ్చును. పాలపదార్థాలు దానికి అరగవు. పాలకూర కూడ కాల్షియంను ఒంటికి పట్టనీయదు. పురుగులు మానిపించిన ఎముక కట్టుకోదు.

శిబిచక్రవర్తి కథను పావురాన్ని కాచిన కథగానే చెప్పుకొంటాము. అందులో డేగ అడిగిన ప్రశ్నను మరువరాదు. నా ఆహారం నాకు లేకుండ చేసి నన్ను, నా పిల్లలను చంపుట ధర్మమా అని అది అడిగినది. శిబి దానిని నీకు మాంసమెందుకని మందలించలేదు. దాని ఆకలిని ధర్మబద్ధమైనదిగా అంగీకరించి, ఆ మూల్యాన్ని తన తొడ నుండి చెల్లించినాడు. ఒక జీవి మరియొక జీవికి ఆహారమగుట లోకస్వభావమని నారదుడు ధర్మరాజుతో చెప్పిన సందర్భం కూడ భాగవతంలో ఉన్నది. వ్రతం మనం స్వీకరించినది. మన వ్రతాన్ని నోరులేని ప్రాణి చేత పట్టించి, దాని ఆకలితో మన చేతుల శుద్ధిని కాపాడుకొనుట ధర్మం కాదు.

అట్లని కీచురాయిలో జీవుడు లేడని చెప్పి తప్పించుకొనుటయు తగదు. ఉన్నాడు. కావున వాటిని డబ్బాలో మాడ్చక, ఆకు, నీరు ఇచ్చి ఉంచవలెను. అట్లు పోషింపబడిన పురుగే తొండకును మేలైన ఆహారమని ఎరిగినవారు చెప్పుదురు. వేసినన్ని వేసి రాత్రి పెట్టెలో విడిచిన, ఆ పురుగులే గాయపడిన తొండను కొరుకును. అవసరమైనంతయే, అంతకు మించి కాదు. తోటలో దొరికిన పురుగులను వేయరాదు, మిణుగురు పురుగు ఒక్కటి మింగినను దానికి ప్రాణాంతకం కాగలదు. ఇంత చేసినను మనస్సులో ఒక ముల్లు మిగులును. మిగులవలెను కూడ. ఆ ముల్లు చెప్పే మాట ఒక్కటే: ఈ సందేహం ప్రాణిని కొనుటకు ముందు పడవలసినది. పురుగు వేయలేనివారు దానిని ఇంటికి తేకుండుటయే నిజమైన అహింస. తెచ్చిన పిదప పస్తు పెట్టుట కాదు.

చివరకు పిల్లవాని ప్రేమ. భరతమహారాజు రాజ్యం విడిచి గండకీతీరంలో తపస్సు చేయుచు, ఏటిలో కొట్టుకొనిపోవుచున్న తల్లిలేని లేడిపిల్లను కాచినాడు. దాని మీది ధ్యాసలో నిత్యానుష్ఠానం జారవిడిచి, దానినే తలచుచు దేహం చాలించి లేడియై పుట్టినాడు. అయితే జాలి పడరాదని దీని భావమా? కాదు. ఏటిలోని లేడిని చూచుచు ఊరకుండిన ఆయన తపస్సుకు అర్థమేమి? లోపం కాపాడుటలో లేదు, ‘ఇది నాది’ అనుటలో ఉన్నది. గాయపడిన తొండను మాటిమాటికి చేతికెత్తుకొని ముద్దాడుట పిల్లవానికి సుఖం, దానికి నొప్పి. దానికి కావలసినది విశ్రాంతి. దూరంగా కూర్చుండి కనిపెట్టుకొనుట నేర్చిన పిల్లవాడు మమకారం నుండి రక్షణకు ఒక మెట్టు ఎక్కినట్లే. భగవంతుడు మనను రక్షించుట కూడ మన అవసరాన్ని చూచియే గదా!

ఆ తొండపిల్లలకు ఒక అలవాటు ఉన్నది. తమకంటె పెద్దది ఎదురైనపుడు ఒక ముందుకాలు పైకెత్తి గాలిలో మెల్లగా త్రిప్పును. నేను నీకు ఎదిరిని కానని చెప్పుట అది. మనం దానిని నమస్కారమని భ్రమపడనక్కరలేదు. కాని అంజలిని శరణాగతికి గుర్తుగా ఎంచే మనకు ఆ చేష్ట చూచినపుడు గుండె కదలకపోదు. ముందుకాలు విరిగిన పిల్ల ఆ గుర్తును కూడ చేయలేదు. తల్లికోతిని పిల్ల తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొనిపోవును. చేయెత్తి అడుగగలవానిని కాచుట గొప్ప కాదు. అడుగుటకు చేయి కూడ లేవనివానిని కాచుటలోనే రక్షకత్వం తెలియును. మనమందరం ఏదో ఒకనాడు చేయెత్తలేని స్థితిలో స్వామి ఎదుట పడియుండవలసినవారమే.

కనుక ప్రాణిని తెచ్చుటకు ముందు నూరుమార్లు ఆలోచించుదాము. తెచ్చిన పిదప దాని స్వభావాన్ని అనుసరించి, దాని అవసరం మేరకు, తుది శ్వాస వరకు బాకీ తీర్చుదాము. బ్రతికిన సంతోషించుదాము. బ్రతుకని పక్షంలో నొప్పి లేకుండ సాగనంపి, లోనున్న జీవుని అంతర్యామికి అప్పగించుదాము. నూతిలోని ఊసరవెల్లికి చేయందించిన ఆ శ్రీనివాసుడు, అల్పజీవుల యెడ ఏమరుపాటు లేని మనస్సును మనకు ప్రసాదించుగాక!