'రేపు' అనే పిల్లవాడికి ఒక జాంబవంతుడు కావాలి

  

శుక్రవారం డ్యూటీ ఉండదు. బట్టలు ఉతుక్కుని, వంట చేసుకుని ఇంటికి వీడియో కాల్ చేస్తారు. తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఫోన్ పట్టుకుంటాడు.

"లెక్కలు చేస్తున్నవా బిడ్డా?"

"రేపటి నుంచి చేస్తా డాడీ."

పోయిన శుక్రవారం కూడా ఇదే మాట. మీకు కోపం వస్తుంది. "నేనిక్కడ ఎండలో మాడేది ఎవరి కోసంరా?" అంటారు. వాడు తల దించుకుని ఫోన్ అమ్మకు ఇచ్చేస్తాడు.

అన్నా, ఒక్క నిమిషం ఆలోచించండి. అది నిజంగా బద్ధకమేనా? అదే పిల్లవాడు క్రికెట్ కోసం మూడు గంటలు ఎండలో నిలబడతాడు. చాలాసార్లు 'రేపు' అనే మాట వెనుక ఉండేది భయం. పుస్తకం తెరిస్తే తనకు రాదని తేలిపోతుంది. తెరవనంత వరకు తేలదు కదా!

కిష్కింధకాండ చివర ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎదురుగా నూరు యోజనాల సముద్రం. యువరాజు అంగదుడు, దాటగలను గానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. దాటగలిగిన హనుమంతుడేమో ఒక పక్కన మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు ఆయనను తిట్టలేదు. ఊరికే పొగడనూ లేదు. పసితనంలో సూర్యుణ్ణి పండు అనుకుని ఆకాశానికి ఎగిరిన సంగతి గుర్తు చేశాడు. బలం కొత్తగా ఇవ్వలేదు, ఉన్నదాన్నే చూపించాడు. సముద్రం దాటింది మాత్రం హనుమంతుడే.

ధైర్యం వచ్చాక పని మొదలుపెడదామంటే ఎప్పటికీ మొదలుకాదు. మీరు మొదటిసారి విమానం ఎక్కిన రోజు ధైర్యం ఉండెనా? భాష రాదు, పని తెలియదు. ఒక రోజు గడిచింది, ఇంకో రోజు గడిచింది. ధైర్యం వెనకాల వచ్చింది. ఈ సంగతి పిల్లవాడికి ఎప్పుడైనా చెప్పారా? మన కష్టాన్ని అప్పులాగా చెబితే వాడికి బరువు పెరుగుతుంది. అనుభవంలాగా చెబితే బలం పెరుగుతుంది.

ఈ శుక్రవారం ఇలా అడిగి చూడండి. "పోయినేడు భిన్నాలు రావని ఏడ్చినవ్. తర్వాత చెల్లెకు నువ్వే నేర్పినవ్, యాదికుందా? ఇప్పుడు ఒక్క లెక్క చెయ్యి. తప్పు పోయినా ఏం కాదు. నేను లైన్లోనే ఉంటా."

ఒక్క లెక్క చాలు. మిగతాది ఆ ఆంజనేయస్వామి దయ, వాడి ప్రయత్నం.

పిల్లలను ఊర్లో వదిలి వచ్చిన మన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఇది పంపండి. శుభం.