గుర్తెరుగని తల్లి

ఖానాపూరు ప్రాంతమున తెలుగు, గోండి, లంబాడీ, ఉరుదూ మాటలు కలిసి వినబడును. అక్షరమెరుగని ముసలమ్మయు ఇరుగుపొరుగుతో రెండు మూడు భాషలాడగలదు. అది చదువేనా యని మనము నవ్వుచుంటిమి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రియందు డాక్టరు సువర్ణ అల్లాడి మున్నగువారు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష యెరిగినవారికంటె, అంతకెక్కువ భాషలాడువారికి ఈ మతిమరుపు వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా పొడచూపెనట; చదువురానివారియందును ఆలస్యము కనబడెను!

అయినను ఆలస్యమే గాని అభయము కాదు. అల్జైమర్సు సోకిన తల్లి అన్నము తినియు తినలేదనును, కన్నకొడుకునే యెవరవనును. అది చాదస్తమని కసరుట, జ్వరము వచ్చినవానిని ఒడలు కాలుచున్నదని కొట్టుట వంటిది.

మరి సేవ యెవరిది? మాతృభక్తుడని ఊరు కొడుకును పొగడును. నడిరేయి తల్లి వాకిలి దాటకుండ పట్టుకొనునది కోడలు. మనల నెరుగనివారికి మనమేమి ఋణపడితిమని కొందరు శంకింతురు. ఆమె మనల నెత్తుకొన్ననాడు మనకామె పేరు తెలియదు గదా!

మే మెరిగిన యొక యింట కొడుకే తల్లికి తల దువ్వుచున్నాడు. ఆమె యతనిని “అన్నా” యని పిలుచుచున్నది. అతడు కాదనుట మానినాడు.