బొంత

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో టైలర్ దుకాణాల మిషన్ల కింద ఎంత ఐశ్వర్యం! రైక గల్లా తీయగా మిగిలిన నెలవంకలు, లంగా అంచున తెగిన జరీ పీలికలు, లైనింగు తుండ్లు, బడిపిల్లల యూనిఫాం నీలాలు, పెళ్లిపట్టు నుంచి రాలిన వేలెడు ఎరుపు. పొద్దుగూకే వేళకు అన్నీ చీపురు ముందు కుప్పపడతాయి. ఆ కుప్పను కొంగున మూటగట్టుకుని పోయే అవ్వను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఊరు వద్దన్న రంగులన్నీ ఆమె వెంట ఇంటికి పోతున్నాయి మరి.

బొగ్గుగని కార్మికుల కాలనీ క్వార్టర్ల ముందు, వేపచెట్టు నీడ పట్టున చాప పరుస్తారు. చాప మీద మెత్తని పాత నేతచీర. నాలుగు మూలలా నాలుగు రాళ్లు. చీర మీద అరిగిన ధోవతులు, లుంగీలు, చిరిగిన దుప్పటి పొరలు పొరలుగా. అన్నిటికీ పైన ఆ ముక్కలు. నలుగురు ఆడవాళ్లు నాలుగు వైపులా కూర్చుంటారు. దబ్బనం మునుగుతుంది, తేలుతుంది. అంచున బయలుదేరిన కుట్టు ప్రదక్షిణగా తిరిగి తిరిగి నడిమికి చేరుతుంది. గీత గీసినవారు లేరు, టేపు పెట్టి కొలిచినవారు లేరు. అయినా వరుసకూ వరుసకూ నడుమ ఎడం తప్పదు.

"వదినె, గా పసుపు ముక్క ఇటియ్యి. ఎర్రదాని పక్కకేస్తెనే మెరుస్తది."

ఆ చూపు ఎవరు నేర్పారు స్వామీ? తంగేడు పక్కన గునుగును, గునుగు పక్కన బంతిని నిలిపి బతుకమ్మను పేర్చే చేతులకు నువ్వు ముందే ఇచ్చి పంపిన చూపు కాదా అది?

ఒక బొంత నడుమ గని చొక్కా ముక్క చూశాను. ఎన్నిసార్లు బండకేసి బాదారో, బొగ్గు మరక మాత్రం పోలేదు. కుట్టిన తల్లి దాన్ని లోపలి పొరలోకి తోయలేదు. అందరికీ కనబడేలా పైకే పెట్టింది. మరక మీదుగా పచ్చదారంతో సన్నని కుట్లు, పొద్దు పొడిచినప్పటి కిరణాల్లా. ఆ జానెడు గుడ్డను చాలాసేపు నిమురుతూ ఉండిపోయాను. నైట్ షిఫ్టు దిగి వచ్చి, పగటి వెలుతురు కళ్లలో పడకుండా తలదాకా బొంత లాక్కుని పడుకునే మనిషికి అంతకన్నా గొప్ప శాలువా ఎవరు కప్పగలరు?

స్వామీ, నువ్వు కుట్టిన బొంత ఈ ఊరి కిందనే ఉంది. 25 కోట్ల ఏళ్లకు ముందే ఈ ప్రాణహిత గోదావరి లోయలో చిత్తడి అడవులు ఉండేవి. గ్లోసోప్టెరిస్ అనే చెట్లు నాలుకల్లాంటి ఆకులు రాల్చేవి. రాలిన ఒక్క ఆకునూ నువ్వు పారేయలేదు. ఆకు మీద ఆకు, ఆకుల మీద ఒండ్రు, ఒండ్రు మీద ఇసుక, పొర మీద పొర పరిచి, ఎంత బరువు పెట్టి, ఎంత ఓపికపట్టి అదిమావు! అప్పటి ఎండ ఆ ఆకుల్లోనే నల్లగా నిద్రపోయింది. దాన్నే మావాళ్లు దిగి తవ్వి తెస్తారు. రామగుండం ఎన్టీపీసీ పండించే వెలుగు అదే. మాపటి పూట సూది బెజ్జంలోకి దారం ఎక్కించే అవ్వ తల మీది బల్బులో వెలిగేదీ ఆ రాలిన ఆకుల ఎండేనేమో! మిగిలినదానితో మిగిలినదాన్ని కలిపి కుట్టుకోవడానికి ఏనాడో దీపం సిద్ధం చేసి ఉంచిన దయాసముద్రుడివి!

అతుకుల బట్ట ఈ నేలకు కొత్త కాదు. మా పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్ట ఉంది, శాతవాహనుల నాటి బౌద్ధస్తూపంతో. మగధ వరిమళ్లను, వాటి గట్లను చూపించి బుద్ధుడు ఆనందుడితో భిక్షువుల చీవరాన్ని ఆ తీరుగా ముక్కలు కలిపి కుట్టించాడని వినయపిటకం చెబుతుంది. మడికట్ల నమూనాను మేన ధరించి ఆ భిక్షువులు మన చేల గట్ల మీదా నడిచారు. బెంగాలీ తల్లులు కాంథా కుడతారు, కర్ణాటక అడవుల్లో సిద్దీ స్త్రీలు కవంది కుడతారు, అమెరికా అలబామాలో జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు క్విల్టులు కుడతారు. ఎవరి ముక్కలు వారివి, ఎవరి రంగులు వారివి. సూది పట్టే వేళ్లను మాత్రం ఒక్కడివే నడిపిస్తున్నావు తండ్రీ!

కాలనీలో దబ్బనం పట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. పాత చీర పారేసే ముందు దాన్ని తీసుకుని ఆ అవ్వల దగ్గరికి పోండి. వారి పక్కన చాప మీద కూర్చుని కుట్టు నేర్చుకోండి. చలి ముదరక ముందే మొదలుపెట్టండి. చేతికుట్టు బొంత ఒక్కరోజులో అయ్యేది కాదు.