ఖాళీ సీటు



ఆరాధన ముగిశాక చలికోట్లు తొడుక్కుని మనం కార్ల వైపు నడుస్తుంటే, గుమ్మం దగ్గర ఒక విద్యార్థి ఫోను చూసుకుంటూ నిలబడి ఉంటాడు. మీరూ చూసే ఉంటారు. "లిఫ్ట్ కావాలా తమ్ముడూ?" అంటే, "వద్దన్నా, ఊబర్ బుక్ చేసేశాను" అంటాడు. అతని ఇల్లు మనం వెళ్ళే దారిలోనే ఉంటుంది.

కొత్తగా వచ్చినప్పుడు నేనూ అంతే. డబ్బు కడితే ఎవరికీ ఋణపడనక్కరలేదు. సహోదరుణ్ణి అడిగితే, కాదనలేక ఒప్పుకున్నారేమోనని దారంతా మొహమాటం.

బండి పంచుకోవడం కెనడాకు కొత్త కాదు. బెన్వా రొబేర్ క్యూబెక్ సిటీలో కమ్యూనోటో మొదలుపెట్టింది 1994లో. వాంకూవర్‌లో 1997లో మొదలైన మోడో, సభ్యులే యజమానులైన సహకార సంఘం. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఒకే కారు వాడుకుంటూ, తరువాతివారి కోసం ట్యాంకులో పెట్రోలు మిగిల్చి వెళ్తారు. ఊబర్ లాంటి సేవలపై మాత్రం అనుమానాలు ఎక్కువ. ప్రయాణికుల భద్రత మాటేమిటి, టాక్సీవాళ్ళ బతుకేమిటి అని ఏళ్ళ తరబడి వాదించాక, వాంకూవర్‌లో అవి 2020 జనవరిలో గానీ చట్టబద్ధంగా రోడ్డెక్కలేదు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. ఆ స్టీరింగ్ వెనుక మన తెలుగు పిల్లలూ ఉన్నారు మరి.

నన్ను తొలిచే ప్రశ్న వేరు. అపరిచితుడి కారెక్కడానికి లేని సంకోచం సహోదరుడి కారెక్కడానికి ఎందుకు?

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం తెరవండి. గాజా మార్గంలో ఐతియొపీయుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. నడిచి వచ్చిన ఫిలిప్పును ఎక్కి తనతో కూర్చోమని వేడుకున్నది ఎవరు? రథం ఉన్నవాడే! చదివేది తనకు అర్థం కావడం లేదు, చెప్పేవాడు కావాలి. మనమో "రైడ్ కావలసినవారు అడగండి" అని ప్రకటించి ఊరుకుంటాం. అడిగే బరువంతా కారు లేనివాడి మీదే. పైగా, అతని దగ్గర మనకు కావలసినది ఏదైనా ఉంటుందని మనకు తోచనే తోచదు.

గత నెల ఒక తమ్ముడితో మాట మార్చి చూశాను. "మావాడికి సండేస్కూల్ కంఠత వాక్యం తెలుగులో నోరు తిరగడం లేదు. మాతో వచ్చి దారిలో కాస్త చెప్పించవా?" అన్నాను. అతను నవ్వి ఊబర్ క్యాన్సిల్ చేశాడు. దానికి చార్జీ పడిందేమో, నేను అడగలేదు.