కర్త లేని వాక్యం

2021 దసరాకి మా చిన్నోడు ఇంటికొస్తూ పెన్‌డ్రైవ్ లాంటి వస్తువొకటి తెచ్చాడు. "బాపూ, దీన్ని లాప్‌టాప్‌కి పెట్టుకుంటే రేడియో స్కానరైతది, నీకు పొద్దుపోతది" అన్నాడు. సైన్సు టీచర్ని కాబట్టి నాకు నచ్చుతుందని వాడి నమ్మకం. నచ్చింది. అందుకే ఇదంతా రాయాల్సొస్తోంది.

అసలది కంప్యూటర్లో డిజిటల్ టీవీ చూడ్డానికి తయారైన డాంగిల్. లోపల ఆర్‌టీఎల్2832యూ అనే చిప్పుంటుంది. అది పట్టిన తరంగాన్ని ముడిసరుకుగానే కంప్యూటర్‌కి అందించగలదని 2012 ప్రాంతంలో కొందరు ఔత్సాహికులు గ్రహించారు. అప్పట్నుంచి, ఒకప్పుడు చాలా డబ్బు పోసి కొనాల్సిన స్కానర్ చేసే పని ఈ చిన్న ముక్కే చేస్తోంది. సుమారు 24 నుంచి 1,700 మెగాహెర్ట్జ్ దాకా వింటుంది. యాంటెన్నా నేనే చేసుకున్నా. లెక్క సులువు: 75ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే కడ్డీ పొడవు మీటర్లలో వస్తుంది. విమానాల మాటలు 125 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటాయి, అంటే ఒక్కో కడ్డీ 60 సెంటీమీటర్లు. రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక చెక్కముక్క, మూలకు పడున్న డిష్ కేబుల్. లక్షెట్టిపేటలో మా డాబా మీద, బట్టలారేసే దండెం పక్కన కట్టేశా.

మొదటి రోజే ఒక వింత అనుభవమైంది. ముప్పైఐదు వేల అడుగుల ఎత్తున పోయే విమానంలోంచి పైలట్ మాట ఖంగున వినపడుతోంది. కానీ అతనికి జవాబిచ్చే శంషాబాద్ వాళ్ళ గొంతు వినపడదు. ఈ తరంగాలు గీత గీసినట్టు పోతాయి. అంతెత్తునున్న విమానం నాలుగొందల కిలోమీటర్ల దాకా మన కంటికి ఎదురుగా ఉన్నట్టే. నేల మీదున్న కేంద్రం మాత్రం భూమి వంపు కిందికి పోతుంది. అంటే నాకు దక్కేది ఎప్పుడూ సగం సంభాషణే. "సరే, అట్లాగే చేస్తాం" అని వింటా. ఏం చేస్తారో తెలియదు. మిగతా సగం నేనే ఊహించుకునేవాణ్ణి. కొన్నాళ్ళకి ఊహిస్తున్నానన్న సంగతే మర్చిపోయా.

*

మా బాపు ఉంటే ఈ డాంగిల్‌ని ఇంట్లో ఉండనిచ్చేవాడు కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇంట్లో మర్ఫీ రేడియో ఉండేది, దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాడు. పాటలు వినే పెట్టెకి కూడా సర్కారు అనుమతి కావాల్సిన రోజులవి. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. తర్వాత చాలా ఏండ్లు మా దిక్కు ఊళ్ళలో చెవులున్నందుకు భయపడాల్సొచ్చింది. రాత్రి ఎవరో వచ్చి "పోలీసులేమన్నరు?" అని అడుగుతారు. తెల్లారి ఇంకెవరో వచ్చి "రాత్రి వచ్చినోళ్ళేమన్నరు?" అని అడుగుతారు. బాపు మాకు నేర్పింది ఒక్కటే: "ఇన్నదాన్ని ఇన్నకాడనే ఇడిచిపెట్టాలె."

ఆ మాటని నేను పిరికితనం అనుకునేవాణ్ణి. చట్టం కూడా ఇంచుమించు బాపు మాటే అంటుందని తర్వాత తెలిసింది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా పరికరం దగ్గరుంచుకోవడమే తప్పంది. 2023 చట్టం అనుమతి లేకుండా ఇతరుల సందేశాలు పట్టడాన్ని నేరమంటుంది. అంతర్జాతీయ రేడియో నిబంధనలు ఇంకొంచెం ముందుకెళ్ళాయి. మనకోసం కాని సందేశంలో ఏముందో చెప్పడమే కాదు, అలాంటిదొకటి ఉందని చెప్పడాన్నీ దేశాలు అరికట్టాలంటాయి. ఆ లెక్కన నా వినికిడి మొత్తం గీతకి అవతలే. "విమానాలేగా, ఎవరికి నష్టం?" అని నాకు నేనే లైసెన్సు ఇచ్చుకున్నా.

*

2022 జులై 13 రాత్రి. కడెం ప్రాజెక్టుకి అయిదు లక్షల క్యూసెక్కులు దాటి వరద వస్తోందని టీవీలో చెప్పారు. పద్దెనిమిది గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. గేట్లు వదలగలిగినదానికంటే వచ్చే నీళ్ళే ఎక్కువ. దిగువ ఊళ్ళను ఖాళీ చేయిస్తున్నారు. మా అక్క మెట్టినూరు కడెం కిందే, వాగు దగ్గర. వాళ్ళ వాడ కొంచెం ఎత్తు మీదుంటుంది కాబట్టి "తయారుగుండుండ్రి, చెప్పంగనే లేవుండ్రి" అని మాత్రం చాటింపేశారట. అక్క ఫోన్లో చెప్పింది.

మాకు కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఏం తోచక స్కానర్ తిప్పడం మొదలుపెట్టా. విమానాల బ్యాండు కాదు, మొత్తం తిప్పా. పన్నెండు దాటాక ఒకచోట అది ఆగింది. గరగర, దాని వెనకాల ఒక మగ గొంతు:

"...ఇగ ఆగదు. లేపుండ్రి, జల్ది."

అంతే. మళ్ళీ గరగర. ఎవరిదో, ఎక్కణ్ణుంచో తెలియదు. నేను వెంటనే అక్కకు ఫోన్ చేశా. ఏమన్నానో మాటకి మాట గుర్తుంది. "అక్కా, కట్ట ఆగదట. నేను సెట్టుల విన్న. వాడంత లేపు, బడి మీదికి ఎక్కుండ్రి."

అక్క వాడంతా లేపింది. తమ్ముడు సైన్సు సారు, వైర్‌లెస్‌లో విన్నాడు అంటే ఇక తిరుగేముంది? వానలో, చీకట్లో, పిల్లల్ని చంకనేసుకుని అందరూ గుట్ట మీదున్న బడికి పరుగెత్తారు. పక్కింటి ముసలాయన బురదలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

తెల్లారేసరికి వరద తగ్గుముఖం పట్టింది. కట్ట నిలబడింది.

*

ఆ తర్వాత చాలా రోజులు నేనా వాక్యాన్నే తిప్పి తిప్పి చూసుకున్నా. "ఇగ ఆగదు." ఏది ఆగదు? మన భాషలో కర్తను చెప్పకుండానే వాక్యం నడిచిపోతుంది. క్రియ చివరున్న ప్రత్యయమే ఆనవాలు. "ఆగడు" అంటే మగమనిషి. "ఆగదు" అంటే కట్ట కావచ్చు, వాన కావచ్చు, జనరేటర్ కావచ్చు, ఆడమనిషి కూడా కావచ్చు. నొప్పులు పడుతున్న ఏ ఇల్లాలినో దవాఖానకు తీసుకపోతున్నారేమో. "లేపుండ్రి" అంటే నిద్రలేపమనా, గేటు లేపమనా, మంచం లేపమనా?

స్కానర్ పని తీరు తెలిస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. అది ఒక్కో ఫ్రీక్వెన్సీని తడుముకుంటూ పోతుంది. స్క్వెల్చ్ అని ఒక గడప పెడతాం. సంకేతం ఆ గడప దాటితేనే అక్కడ ఆగి వినిపిస్తుంది. గడప పెంచితే బలహీనమైన గొంతులు పోతాయి, తగ్గిస్తే గరగరే మిగులుతుంది. అది వచ్చి ఆగేసరికి అవతలి మనిషి మాట మొదలుపెట్టేసి ఉంటాడు. మొదటి ఒకట్రెండు మాటలు చాలాసార్లు కోతపడతాయి. తెలుగులో వాక్యం మొదట్లో సాధారణంగా ఉండేది కర్త, చివర ఉండేది క్రియ. అంటే స్కానర్ తెలుగు వింటే తరచూ కర్త పోయి క్రియ మిగులుతుంది. ఎవరో తెలియదు, జరగబోయేది మాత్రం తెలుస్తుంది. భయానికి అంతకంటే ఏం కావాలి?

"కట్ట" అనే మాట నాది. ఆ గొంతు అనలేదు. "అట" అని చివర తగిలించి, నేను చేర్చిన మాటని కూడా ఆ కనపడని మనిషి ఖాతాలో వేసేశా. "అట" చాలా సుఖమైన మాట. చెప్పినట్టూ ఉంటుంది, బాధ్యత మన మీద పడకుండానూ ఉంటుంది.

ఇది నా ఒక్కడి జబ్బు కాదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత అమెరికాలో ఇళ్ళల్లో కూర్చుని పోలీసు స్కానర్ విన్న జనం, విన్నదాన్ని ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెట్టారు. స్కానర్లో చెప్పారంటూ ఒక విద్యార్థి పేరు రాత్రికి రాత్రి పాకిపోయింది. ఆ అబ్బాయికి పేలుళ్ళతో ఏ సంబంధమూ లేదు. తర్వాత రికార్డింగులు వెతికితే ఆ పేరే వాటిలో దొరకలేదు. అక్కడా ఖాళీని వినేవాళ్ళే పూరించారు.

మిత్రులు నన్ను సముదాయించారు. "కట్ట తెగి ఉంటే నిన్ను దేవుడనేవాళ్ళు" అన్నారు. నిజమే. అదే ఫోను, అవే మాటలు, ఫలితం మారితే నేను దేవుణ్ణి. మన చేతిలో లేని ఫలితాన్ని బట్టి మన మంచిచెడ్డలు తేల్చడాన్ని బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే తత్వవేత్తలు 1976లో 'నైతిక అదృష్టం' అనే పేరుతో చర్చకు పెట్టారు. కానీ నా విషయంలో ఆ చర్చ దాకా పోనక్కర్లేదనిపిస్తుంది. కట్ట తెగినా నేను చెప్పింది నేను వినని మాటే. కలిసొచ్చిన అబద్ధం అయ్యేది, అంతే.

*

శబ్దాన్ని బట్టి బాణం వేసిన మొదటివాణ్ణి నేను కాదు కదా. వాల్మీకి రామాయణంలో దశరథుడు చనిపోయే రాత్రి కౌసల్యకు చెప్పుకున్న కథ ఉంది. వానాకాలం, చీకటి, సరయూ ఒడ్డు. కుండలో నీళ్ళు నిండుతున్న చప్పుడు ఏనుగు చప్పుడులా వినిపించింది. వేశాడు. తగిలింది మునిబాలుడికి. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు శాపమొక్కటే గుర్తుండేది. ఇప్పుడు ఆ తర్వాతి భాగం పట్టుకుంది. దశరథుడు పారిపోలేదు. ఆ కుండలోనే నీళ్ళు నింపుకుని, గుడ్డి తల్లిదండ్రుల దగ్గరికి నడిచి వెళ్ళాడు. అడుగుల చప్పుడు విని ఆ ముసలి తండ్రి కొడుకే వచ్చాడనుకుని పలకరిస్తాడు. అక్కడా సగం వినికిడే. కానీ ఈసారి ఆ సగాన్ని అలా వదిలెయ్యకుండా, నేను మీ కొడుకుని కాను, దశరథుణ్ణి అని రాజు తనే చెప్తాడు. కర్త లేని చోట కర్తను నిలబెట్టాడు. తెలుగులో 'కర్త' అంటే వ్యాకరణంలో ఉండేదే కాదు, చేసినవాడు కూడా.

నాకు ఆ పని చెయ్యడానికి రెండు నెలలు పట్టింది. సెప్టెంబర్లో అక్కోళ్ళ ఊరికి పోయి ముసలాయన మంచం పక్కన కూర్చున్నా. "మామా, ఆ రాత్రి కబురు చెప్పింది నేనే. నేను మొత్తం వినలే. కట్ట అన్న మాట వినలే, నేనే కలిపిన" అన్నా.

ఆయన చాలాసేపు కప్పు దిక్కు చూశాడు. "నీళ్ళొచ్చినా రాకున్నా ఎక్కుడైతే ఎక్కాల్నే గద బిడ్డా" అన్నాడు. నాకు కొంచెం ఊపిరాడింది. అంతలోనే, "గని సగమే విన్ననని చెప్తే, బ్యాటరీ లైటు తెచ్చుకునేంతసేపు ఆగుదును" అన్నాడు.

ఆ లైటు సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. ప్రమాదంలో సగం కబురైనా చెప్పకపోతే ఎట్లా అని నేను వాదించుకునేవాణ్ణి. చెప్పొద్దని ఆయన అనలేదు. బాపు నేర్పిన మౌనం భయంలో పుట్టింది, దానితో ఏ ఊరూ వరద నుంచి గట్టెక్కదు. నేను చేసిన కేక తొందరలో పుట్టింది. "సగమే విన్న" అనడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో అవతలి మనిషికి తన బుద్ధితో ఆలోచించుకునే చోటు దొరుకుతుంది. ఎంత పరుగెత్తాలో తనే నిర్ణయించుకుంటాడు. నేను వాళ్ళకి కబురివ్వలేదు, నిర్ణయం ఇచ్చా. నాకా హక్కు చట్టమివ్వలేదు, వాళ్ళూ ఇవ్వలేదు.

డాంగిల్ పారెయ్యలేదు. 137 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా వాతావరణ ఉపగ్రహాలు, 2025లో మూతబడేదాకా, మబ్బుల బొమ్మలు పంపేవి. ఎవరైనా పట్టుకోవచ్చని పంపేవే అవి. వాటికోసం కడ్డీలు 55 సెంటీమీటర్లకు కోసి మళ్ళీ కట్టా. మనుషుల మాటల దిక్కు తిప్పడం మానేశా.

2023 జులైలో కడెం మళ్ళీ నిండింది. మళ్ళీ కొన్ని గేట్లు మొరాయించాయి, మళ్ళీ టీవీల్లో అదే గోల. నేను అక్కకు ఫోన్ చేశా. "టీవీల చెప్పింది ఇంతనే. నాకు తెలిసింది గూడ ఇంతనే. నీకక్కడ కనపడేదేందో చూసుకో" అన్నా.

"బ్యాటరీ లైట్లు దగ్గర పెట్టుకున్నం తమ్మీ" అంది అక్క. "ముసలాయనను పొద్దుగాలనే ఆటోల పంపిచ్చినం."